బుట్టలో పడ్డ మాత్రలు

దర్జీ ఆవిడ చెత్తబుట్టలో పడేసిన మాత్రల స్ట్రిప్పును పక్క కుర్చీలోని పెద్దాయన వంగి బయటికి తీశాడు.

“ఇందులో ఇంకా ఆరున్నాయమ్మా.”

“నాకక్కర్లేదు. అందుకే పడేశాను.”

“దేనికివి?”

ఆమెకు ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్ళు కూర్చునే వరండాలో ముక్కూ మొహం తెలియని మనిషికి తన దిగులు మందుల సంగతి చెప్పాలా?

బరువు తగ్గే ఆపరేషన్ అయి మూడు నెలలైంది. ఇరవై ఎనిమిది కిలోలు తగ్గింది. వారం వారం తన జాకెట్లు తనే బిగించి కుట్టుకుంటోంది. చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళే.

నిద్ర మాత్రం కంటికి దూరమైంది. పోయిందనుకున్న దిగులు మళ్ళీ వచ్చి గుండెల మీద కూర్చుంది. మొన్నటికి మొన్న ఎవరి జాకెట్టుకో రెండు చేతులూ ఎడమవే కుట్టేసింది.

“సన్నబడ్డావుగా, ఇంకా దిగులేమిటే? ఆ మాత్రలు అవతల పారెయ్,” అంది అక్క.

ఎలాగూ పనిచేయడం లేదు. సరేననుకుంది.

“ఆపరేషన్‌కి ముందు నుంచీ వేసుకుంటున్నారా?” పెద్దాయన వదల్లేదు.

“ఆరేళ్ళ నుంచి. చాలా?”

“అప్పుడు పనిచేసేవా?”

“చేసేవి.”

“డాక్టరుగారికి చెప్పారా?”

“పొట్ట డాక్టరుకి నిద్ర గొడవ ఎందుకండీ?”

“పొట్ట మారితే మందు పనిచేసే తీరూ మారుతుందేమో. అడిగి చూడండి. మీ అంతట మీరు మాత్రం మానకండి తల్లీ.”

“మీరేమైనా డాక్టరా?”

“కాదమ్మా.”

“మరింకేం!”

నర్సు పిలిచింది. ఆయన చేతిలోని స్ట్రిప్పు లాక్కుని, విసవిసా లోపలికి వెళ్ళింది.

డాక్టరు కళ్ళు ఆమె గుప్పిట్లోని స్ట్రిప్పు మీద పడ్డాయి. తీసుకుని తిప్పి చూశాడు.

“నిద్ర పడుతోందా?”

అంతే. ఆమెకు ఏడుపు ఆగలేదు.

“ఇది మెల్లగా కరిగే రకం,” అన్నాడు అంతా విని. “ఇప్పుడు మీ కడుపు చిన్నది, పేగు దారి వేరు. ఒంటికి పట్టకుండానే దాటిపోతున్నట్టుంది. ఉన్నపళంగా మానేస్తే ఇంకా ప్రమాదం.”

అప్పటికప్పుడే ఆ మాత్రలు రాసిన మానసిక వైద్యురాలికి ఫోన్ చేశాడు. మందు రకం మారింది.

రెండు వారాలు పెద్ద తేడా లేదు. ఐదో వారంలో ఒకరోజు అక్క తలుపులు బాదితేగానీ లేవలేదు.

“ఎనిమిదైంది! ఏమిటే ఈ కుంభకర్ణ నిద్ర?”

ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో.

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ముందు పెద్దాయన కోసమే వెతికింది. విసుక్కున్నందుకు ఒక్క మాట చెప్పాలి. ఆయన కనబడలేదు.

నర్సును అడిగింది.

“పోయిన నెల కన్నుమూశారమ్మా. నిద్రలోనే.”

“అయ్యో! ఆయనకీ ఇదే ఆపరేషనా?”

“ఆయనకు కాదు, వాళ్ళావిడకి. తొమ్మిదేళ్ళయింది.”

“ఆవిడ ఎలా ఉన్నారు?”

నర్సు చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టింది.

“ఎవరికీ చెప్పకుండా దిగులు మాత్రలు మానేసింది, ఆయనకు తెలిసేసరికి మనిషి దక్కలేదు; అప్పట్నుంచి ప్రతి మంగళవారం వచ్చి ఇక్కడ కూర్చుని, మీలాంటి వాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి పంపేవారు.”