మేనమామ చేని మన్ను

మదనపల్లె టమాటా తోటల్లో ఇప్పుడెవరూ మందు కొట్టరు. సుచరిత చూసుకునే, మట్టిలోని నులిపురుగుల జన్యు జాబితాలో చెడ్డదని రాసి ఉన్నదాన్ని పొలాల్లోని యంత్రాలే వెతికి చంపుతాయి.

పోయిన నెల జాబితాలో కొత్తవాటిని ఎక్కించే తొందరలో ఆమె, వేరును తినే నులిపురుగునూ, కాయతొలుచు పురుగును చంపే మంచి నులిపురుగునూ ఒకటేననుకుని చెడ్డవాటిలో కలిపేసింది. మంచిది ఊరూరా తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు ఏ చెట్టు చూసినా తొలిచిన కాయలే. తప్పు ఇవాళే బయటపడింది.

మళ్లీ పెంచాలంటే ప్రాణమున్నవి గుప్పెడు మట్టిలో దొరికినా చాలు. యంత్రం వద్దని మొండికేసిన రైతు ఒక్కడే, ఆమె మేనమామ రెడ్డెప్ప. సుచరిత ఫోన్ చేసింది.

"మామా, మీ చేన్లో మన్ను కావాల. ఇప్పుడే వస్తాండా."

"రా పాపా. ఏడాదిగా పోరు పెడతాంటివి గదా, నీ మాట కాదనలేక పోయిన వారమే యంత్రం పెట్టించినా."