స్కోరెంతాయన

హైస్కూల్ గ్రౌండ్‌లో నీడ పడే బెంచీ ఒకే ఒక్కటి. ఎంత ముందొచ్చినా దాని మీద ఆయన అప్పటికే కూర్చుని ఉంటాడు.

ఇన్సూరెన్సు ఆఫీసరుకి ఆయన మీద సగం కోపం అందుకే.

మిగతా సగం ఆయన వేసే ప్రశ్నకి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఏ పిల్ల కిందపడి లేచినా లైను దాకా వెళ్లి, "స్కోరెంత తల్లీ?" అంటాడు. మ్యాచంతా రెప్ప వేయకుండా చూస్తాడు, స్కోరు మాత్రం తెలీదు!

తల్లిదండ్రులు ఆయనకి 'స్కోరెంతాయన' అని పేరు పెట్టేశారు. ఎవరని నేరుగా ఎవరూ అడగలేదు. తెలిసిపోతే ఇక మాట్లాడుకోడానికి ఏముంటుంది?

"రిటైరైన రిఫరీ అయ్యుంటాడు," అంది గోల్‌కీపర్ వాళ్లమ్మ.

"రిఫరీకి స్కోరు తెలీదా? పందేలు కాసే మనిషి," అన్నాడు డెంటిస్టు.

ఇన్సూరెన్సు ఆఫీసరు కూతురు డిఫెన్సు ఆడుతుంది. ఆడనివ్వాలా వద్దా అని ఆయన సెలవులంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. మోకాలు, చీలమండ, మణికట్టు, పళ్లు... దేనికెంత ప్రమాదమో పాలసీ రాసినంత శ్రద్ధగా తూచాడు.

"క్యారమ్స్‌లో చేరిస్తే?" అన్నాడు భార్యతో.

"నడుంనొప్పి వస్తుందని దాన్ని మానిపించింది మీరే కదా," అందావిడ.

చివరికి మోకాళ్లకి ప్యాడ్లు, చీలమండలకి పట్టీలు, పళ్లకి రబ్బరు తొడుగు కొనిచ్చి ఒప్పుకున్నాడు. అవన్నీ తొడిగించి స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తెస్తాడు. హెల్మెట్ మాత్రం హ్యాండిల్‌కి వేలాడుతుంటుంది, పాపం దానికేమీ దెబ్బ తగలకుండా.

సెమీఫైనల్ రోజు, పైనుంచి వస్తున్న బంతి కోసం ఇద్దరమ్మాయిలు ఎగిరారు. తలలు ఢీకొన్న చప్పుడు తల్లిదండ్రులు కూర్చున్న మెట్ల దాకా వినిపించింది.

ఇన్సూరెన్సు ఆఫీసరు కూతురు పడింది. లేచింది. నవ్వింది.

"రక్తం రాలేదు, పళ్లూ ఉన్నాయి," అని తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు.

స్కోరెంతాయన అప్పటికే లైను దగ్గరున్నాడు. "స్కోరెంత తల్లీ?"

"మూడు సున్నా అంకుల్. మనమే!"

"ఒకటి ఒకటే మొద్దూ! మూడు సున్నా పోయిన మ్యాచ్‌ది," అని నవ్వాడు తండ్రి. "దీనికి లెక్కలు మొదట్నుంచీ అంతంతే లెండి."

స్కోరెంతాయన నవ్వలేదు. "అమ్మాయిని బయటికి పిలిపించండి."

"మీరు డాక్టరా?"

"కాదండీ."

"కోచా?"

"కాదండీ. తల తగిలాక స్కోరు తప్పు చెబితే ఆడకూడదు. మా అక్క చెప్పింది."

మెట్ల మీద అందరూ గొల్లున నవ్వారు.

"వీడు అవతలి టీము మనిషండీ!" డెంటిస్టు లేచాడు. "స్కూలు ఆఫీసు బీరువాలో ఉన్న ఆ ఒక్క పాత కప్పు పక్కన ఇంకోటి పెడదామని మనం చూస్తుంటే, మన డిఫెన్సునే లాగేస్తున్నాడు!"

ఇన్సూరెన్సు ఆఫీసరూ గొంతు పెంచాడు. "ఊరూపేరూ తెలీని మనిషిని పిల్లల దగ్గరికి ఎలా రానిస్తున్నారండీ? పంపించండి బయటికి!"

పీటీ సారు పరిగెత్తుకొచ్చి ఏదో చెప్పబోయాడు. అరుపుల్లో ఎవరికీ వినబడలేదు. స్కోరెంతాయన భుజం మీద చెయ్యేసి గేటు దాకా నడిపించాడు.

నీడ బెంచీ ఖాళీ అయింది. ఇన్సూరెన్సు ఆఫీసరు వెళ్లి కూర్చున్నాడు. చల్లగానే ఉంది గానీ కుదురుగా కూర్చోలేకపోయాడు.

హాఫ్‌టైమ్‌లో కూతురికి నీళ్ల సీసా ఇస్తూ ఊరికే అడిగాడు. "స్కోరెంతే?"

"ఏ మ్యాచ్‌ది నాన్నా?" అంది, విడిపోయిన బూటు లేసుని అదేమిటో అన్నట్టు చూస్తూ.

ఆయన కూతుర్ని మళ్లీ గ్రౌండ్‌లోకి వెళ్లనివ్వలేదు. డెంటిస్టు కారులోనే ఆసుపత్రికి పరుగెత్తారు.

"మెదడు అదిరింది. విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుంది," అంది డాక్టరు. "ఆట ఆపించి మంచి పని చేశారు. మళ్లీ ఆడి ఇంకో దెబ్బ తగిలుంటే నేనేం చెప్పగలిగేదాన్ని కాదు. ఇంతకీ స్కోరు అడగాలని మీకెవరు చెప్పారు?"



మర్నాడే ఇన్సూరెన్సు ఆఫీసరు పీటీ సారు గదికి వెళ్లాడు. "ఎవరండీ ఆయన?"

"ఇక్కడ చదివినాయనే సార్. అప్పట్లో ఫైనల్లో తల తగిలితే, లేచి నవ్వి, మళ్లీ ఆడాడు. ఇంకోసారి తగిలింది. అప్పటినుంచి పొద్దున విన్నది మధ్యాహ్నానికి ఉండదు. పడిన పిల్లల్ని స్కోరు అడగమని వాళ్లక్క నేర్పింది, ఆ ఒక్కటీ ఎలాగో నిలిచింది. జవాబు ఒప్పో తప్పో మాత్రం ఆయనకి తెలీదు. పక్కవాళ్లు చెప్పాలి."

ఇన్సూరెన్సు ఆఫీసరు హెల్మెట్ పెట్టుకుని, దారంతా క్షమాపణ వల్లించుకుంటూ వాళ్లింటికి వెళ్లాడు. తలుపు తీసింది ఆయనే. కాళ్లకి బూట్లున్నాయి.

"నమస్కారమండీ. ఎవరు మీరు? గ్రౌండ్‌కి తీసుకెళ్లడానికి వచ్చారా?"

"అక్కడికి రావద్దన్నారురా," అంది వెనక నుంచి అక్క.

"ఎవరన్నారే?" ఆయన మొహం చిన్నబోయింది. అంతలోనే తేరుకున్నాడు. "పోనీ అక్కా, మా ఫైనల్ ఏమైంది? స్కోరెంత?"

ఇన్సూరెన్సు ఆఫీసరు మా పక్కింటాయనే. ఇదంతా చెప్పి, ఏం చెయ్యమంటావని నా ప్రాణం తీస్తున్నాడు. క్షమాపణ చెప్పాలంటే ముందు ఆ అవమానం గుర్తుచెయ్యాలి. అది కొత్తగా తగులుతుంది, క్షమాపణేమో మధ్యాహ్నానికి ఉండదు. నాకేమీ తోచట్లేదు. మీకేమైనా తోస్తే కాస్త చెప్పండి బాబూ, మనమందరం పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటోలు తీసే ఆ బీరువాలో కప్పు తను గెలిచి తెచ్చిందేనని వాళ్లక్క రోజూ చెబితే గానీ తెలియని మనిషికి క్షమాపణ ఎలా చెప్పాలి?