పాతాళ గరిగె

కొక్కేలు గుత్తిలా వేలాడే ఆ పాత ఇనుప వస్తువును నిశాంత్ కాకినాడ వేలంలో కొన్నాడు. బావులన్నీ పూడిపోయి తరాలు గడిచాయి. దాన్ని పాతాళ గరిగె అంటారనీ, బావిలో పడ్డ చేదను అది పైకి తీసేదనీ చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ప్రతి వస్తువు పేరూ చెప్పే అతని కళ్ళజోడు మాత్రం, "చెవి రింగులు తగిలించే స్టాండు" అని తేల్చేసింది.

"ఇంత బరువా? ఏనుగులు పెట్టుకునేవేమోనండీ ఆ రింగులు!" అంది అతని భార్య హవిష.

"జోడు తప్పు చెప్పదు," అంటూ నిశాంత్ దాన్ని హాల్లో వేలాడదీసి, ఆమె రింగులన్నీ తగిలించాడు.

మర్నాడు ఎదురింటి సత్యవేణి కంగారుగా తలుపు కొట్టింది. ఆమె భర్తకు ఇన్సులిన్ తెస్తున్న డ్రోన్ రెండు భవనాల మధ్య సందులో పడిపోయింది. అది మనిషి దూరలేనంత ఇరుకు సందు. కంపెనీవాళ్ళు రేపు వచ్చి తీస్తామన్నారు.

"రేపటిదాకా ఆయన ఆగలేరమ్మా," అంది సత్యవేణి.

హవిష గబగబా రింగులు ఊడదీసి, గుత్తికి బట్టలారేసే తాడు కట్టి కిటికీలోంచి దింపింది.

"ఇంకాస్త ఎడమకి! తగిలింది, లాగు లాగు!" అని సత్యవేణి అరిచింది. మందుపెట్టెతో సహా డ్రోన్ పైకొచ్చింది.

నిశాంత్ మళ్ళీ జోడు పెట్టుకుని చూశాడు.

"సందుల్లో పడ్డ డ్రోన్లు తీసే సరికొత్త పరికరం," అంది జోడు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ వారం నుంచే పై అంతస్తులవాళ్ళు కూడా దాన్ని అడిగి పట్టుకెళ్ళసాగారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరూ ఉత్త చేతులతో రాలేదు.

"ఇవాళ ఏం కూర?" అని ఒక మధ్యాహ్నం నిశాంత్ అడిగాడు.

"నాకేం తెలుసండీ? పట్టుకెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి తేలేదుగా!" అంది హవిష.