సుదర్శనం సార్ పన్నెండో చీమ

"యాడ దొరికింది మే?" మైక్రోస్కోపులోంచి కన్ను తీయకుండానే అడిగారు సుదర్శనం సార్.

"పళ్ళిపట్టు కాడ సార్. చెరుకు తోట గట్టు మీద," అంది నిత్య.

తిరుత్తణి దగ్గర ఒక కాలేజీలో ఆయన చీమల నిపుణుడు. తొమ్మిదేళ్ళలో మైక్రోస్కోపు ముట్టడం ఇదే మొదలు. చీమల్ని వెతికేది విద్యార్థులు, కనిపెట్టేది ఆయన. అలా పదకొండు కనిపెట్టారు. తన చీమ తనకే కావాలన్న విద్యార్థి విఘ్నేష్ ఇప్పుడు బస్టాండులో ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు.

ఈ చీమ మాత్రం సార్‌ని కుర్చీలోంచి లేపింది. తలకి ఎలుకబోను లాంటి దవడలు. అలాంటి దవడలున్న పెద్ద వేటచీమలకి నడుం మీద ఒకటే కణుపుండాలి. దీనికి రెండు! లోకంలోని చీమల కుటుంబాలన్నీ మళ్ళీ వేరుపడి ఆస్తులు పంచుకోవాల్సినంత వింత.

"ఇంకెవురికన్నా చూపిచ్చినావా?"

"లేదు సార్."

"సరి. నేను చూసుకుంటా, నువ్వు పో."

నిత్య కదల్లేదు. "అయిదేండ్లు ఎండలో తిరిగినాను సార్. పేపర్లో మీ పేరు తర్వాత రెండో పేరన్నా నాది పెట్టండి."

"నీకెందుకు మే పేరు? పెండ్లయితే ఇనీషియలే మారిపోతాది."

అటెండర్ కన్నన్ పడీపడీ నవ్వాడు. నిత్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సార్ తెల్లకాగితం తోశారు.

"ఈ చీమతో నాకే సంబంధమూ లేదని రాసియ్యి. లేదంటే నీ థీసిస్ మీద నా సంతకం వుండదు."

ఏడుస్తూనే రాసిచ్చింది. తేదీ కూడా వేసింది.

చీమకి ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడం మర్యాద కాదు. సార్ మర్యాదస్తుడు. తాత పేరు పెట్టారు. తాత పేరూ సుదర్శనమే.

నిత్య చేతికి పట్టా వచ్చిన నెలకి, కల్యాణ మండపంలో సార్‌కి సన్మానం. గజమాల, శాలువాలు, పెద్ద తెర. బెంగుళూరు నుంచి వచ్చిన నిపుణురాలు నందిత చీమని తెర మీద చూపించింది.

"దవడలు తెరిచి చూద్దాం సార్. ఎండిపోయింది కదా, ముందు నానబెట్టాలి," అని గోరువెచ్చని నీళ్ళలో వేసింది.

"బాగా నానబెట్టండి మేడం! మా తాత గట్టోడు!" మైకులో అన్నారు సార్. మండపం పైకప్పు లేచిపోయేలా చప్పట్లు.

వెనక వరుసలో నిత్య వాచీ చూసుకుంది: ఒక చీమ తలని ఇంకో చీమ మొండేనికి తను అతికించిన జిగురు, గోరువెచ్చని నీళ్ళలో సరిగ్గా నాలుగు నిమిషాలకి కరుగుతుంది.