రెండు ప్రాసెసర్లు, ఒక జలుబు

ఆయన కూర్చోగానే అరచేత్తో ముక్కు తుడుచుకుని, అదే చేత్తో మౌస్ పట్టుకున్నాడు.

కంప్యూటర్ల షాపు యజమాని చూపు తిప్పుకున్నాడు. అది పొద్దుటి తొలి బేరం. పైగా ఆయన అడిగింది అద్దాల బీరువాలో అన్నిటికంటే పై అరలో ఉన్న పదహారు కోర్ల ప్రాసెసర్‌ని. వారం తిరిగేసరికి దాని తర్వాతి రకం మార్కెట్లోకి వస్తోంది. ఆ రోజు నుంచి దీన్ని కొన్న ధరకి కూడా అడిగేవాడు ఉండడు. ఈలోగా వదిలించుకుంటే సరుకు, లేకపోతే చెత్త. అలాంటప్పుడు ముక్కు కారే మనిషైనా దేవుడే.

"ఎనిమిది కోర్లదానికీ దీనికీ వేగంలో నిజంగా అంత తేడా ఉంటుందా?" అన్నాడు ఆయన, పళ్ల సందులో గోరుతో కెలుక్కుంటూ.

"పక్కపక్కన పెట్టి చూపిస్తాను సార్."

అందుకోసమే షాపులో రెండు కంప్యూటర్లు సిద్ధంగా ఉంటాయి. మెమరీ, డిస్కు, ఫ్యాను అన్నీ ఒకటే. ప్రాసెసర్ ఒక్కటే వేరు. పరీక్ష ప్రోగ్రాం నడిపితే రెండింటికీ మార్కులు పడతాయి. టీ చల్లారేలోపు తేలిపోయే వ్యవహారం.

"మార్కులు బళ్లో పిల్లలకి. నాకెందుకు? నా పని పెట్టి చూడాలి" అన్నాడాయన. "ఇంకా కట్టని భవనాల్లో మనం నడుస్తున్నట్టు వీడియోలు చేస్తాను. ఒక్కో బొమ్మా కంప్యూటర్ గీసుకుంటూ పోవాలి. మా ఇంట్లో ఉన్న డబ్బాకైతే రోజుల తరబడి పడుతుంది."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. దాని చివర ఏదో జిగురుగా అంటుకుని ఉంది.

"ఇలా ఇవ్వండి, నేను పెడతాను" అంటూ యజమాని బావమరిది ముందుకొచ్చాడు. షాపులో బిగింపులూ మరమ్మతులూ అతనివే. పెన్‌డ్రైవ్ చూశాక, చాచిన చెయ్యి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. "మీరే పెట్టుకోండి సార్."

ఆయనే పెట్టుకున్నాడు. రెండు కంప్యూటర్లలోనూ పని మొదలైంది.

"రెండింటికీ ఒకటే ఇచ్చారు కదా సార్?" యజమాని బల్లకి ఇవతలే నిలబడి అడిగాడు.

"దగ్గరకొచ్చి చూసుకోండి" అని ఆయన రెండు తెరల మధ్యకి ఒక తుమ్ము తుమ్మాడు.

"అబ్బే, మీరు చెప్తే చాలదా."

ఆ తర్వాత ఆయన బూట్లు విప్పాడు. కాసేపటికి మేజోళ్లూ విప్పి కుర్చీ వీపుకి ఆరేశాడు. కాగితం పొట్లం విప్పి, ఉడికిన గుడ్లు కీబోర్డు మీదే పెంకు ఒలుచుకుని తిన్నాడు. మధ్యమధ్యలో గొంతు సవరించి, వచ్చినదాన్ని మింగాడు. ఆ చప్పుడు గల్లాపెట్టె దాకా వినిపించింది.

ప్రింటర్ కొనడానికి వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. తలుపు తెరిస్తే ఏసీ చల్లదనం పోతుంది, మూస్తే ఊపిరి పోతుంది.

"బావా, ఒక బేరం పోయింది" అన్నాడు బావమరిది.

"చూశానులే."

"నాకు కడుపులో తిప్పుతోంది. ఈ చీమిడి దొరని లేపేద్దాం."

"నీ కడుపు తిప్పితే నిమ్మకాయ చప్పరించు. పై అరలో పెట్టె కదలకపోతే తిప్పడానికి మన కడుపులో ఏమీ ఉండదు."

"ఆ కీబోర్డుని మళ్లీ నేను ముట్టుకోను. ముందే చెప్తున్నా."

"కీబోర్డు పోతే పోయిందిరా. ఆ పెట్టె అమ్ముడుపోతే అలాంటివి ఎన్నైనా కొనుక్కోవచ్చు. అసహ్యం కూడా ఖర్చులో రాసుకోవాలి."

మధ్యాహ్నం దాటింది. యజమానికీ ఓపిక తగ్గింది. ఊపిరి బిగబట్టి రెండడుగులు ముందుకి వేశాడు.

"సార్, తేడా ఈపాటికే తెలిసిపోయింది కదా. ఇక ఆపేద్దామా?"

"సగంలో ఆపితే ఏం తెలుస్తుంది?" ఆయన నోట్లోంచి పచ్చసొన పొడి రాలింది. "వేడెక్కాక ఏది నీరసపడుతుందో చూడొద్దా? రెండూ పూర్తవ్వాలి."

మాట సబబుగానే ఉంది. యజమాని రెండడుగులూ వెనక్కి వేశాడు.

పదహారు కోర్లది ముందు ముగించింది. యజమాని ముఖం వెలిగింది. "చూశారా సార్, దీని దెబ్బకి అది దరిదాపుల్లో లేదు." ఆయన తల ఊపాడే గానీ లేవలేదు. రెండోది కూడా ముగిసేదాకా కాలి వేళ్ల సందులు గోక్కుంటూ కూర్చున్నాడు. తర్వాత రెండు వీడియోలనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు.

"బొమ్మ నాణ్యత ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకోవాలి. మా ఆవిడతో ఒక మాట అనుకుని చెప్తాను" అని చెయ్యి చాపాడు.

యజమాని ఆ చేతిని చూసి, తన రెండు చేతులూ జోడించి తప్పించుకున్నాడు.

ఆయన వెళ్లాక బావమరిది తలుపులు బార్లా తీశాడు. కర్రపుల్లతో పెంకులు ఏరుతూ, "కొంటాడంటావా బావా?" అన్నాడు.

"పూటంతా కూర్చున్నవాడు ఊరికే పోతాడా? ఎంత రోతగా ఉన్నా మనం ఒక్క మాట అనలేదు, అది గమనించే ఉంటాడు. రేపు పొద్దున్నే వస్తాడు, చూడు."

వీధి మలుపు తిరగ్గానే ఆయన తడి గుడ్డతో చేతులూ ముక్కూ శుభ్రంగా తుడుచుకుని, జలుబు జాడే లేని గొంతుతో భార్యకి ఫోన్ చేసి, "వీడియో మొదటి సగం పెద్దదాంట్లో, రెండో సగం చిన్నదాంట్లో అయిపోయాయి, ఒక్కడూ తెర దగ్గరకి రాలేదు, అతికించి సాయంత్రానికల్లా బిల్డర్‌కి పంపేద్దాం గానీ రేపటి వీడియోకి ఇంకో షాపు చూసి ఉంచు" అన్నాడు.