అర అంగుళం

సిగ్నలు దగ్గర హెడ్ గుమాస్తా సైకిలు ఆపి కాలు కింద పెట్టబోతే నేల అందలేదు.

నిన్నటిదాకా అందిన నేలే.

కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగి, పక్కన స్కూటరు మీదున్న పెద్దావిడ ఒళ్ళోకి చేరాడు. ఆవిడ తిట్టలేదు. మెల్లగా లేవమని జాలిపడింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అసలు ఆయనకీ సైకిలుకీ సంబంధం కలిపింది బావమరిది. నలుగురిలో బావగారి పొట్ట గురించి ఏదో అన్నాడు. ఈయన రోషంకొద్దీ ఆర్నెల్లపాటు ఆఫీసుకు సైకిలు మీదే వెళ్తానని, మధ్యలో మానేస్తే మీసం తీసేస్తానని అనేశాడు.

ఇరవయ్యో ఏట నుంచి పెంచుకుంటున్న మీసం. అది లేకుండా ఆయన ఎలా ఉంటాడో చూడాలని భార్యకు పెళ్ళైన కొత్తలోనే అనిపించింది గానీ, పైకి అనలేదు.

రెండో నెలకే ఎడమ మోకాలు మొరాయించింది. మెట్లెక్కితే నొప్పి, దిగితే నొప్పి, బావమరిది ఫోను చేసి కులాసానా అంటే మరీ నొప్పి.

ఆఫీసు సైకిల్ స్టాండులో కొత్తగా కాపలాకు చేరిన ముసలాయన ఇదంతా చూస్తున్నాడు. ఒకరోజు దగ్గరికొచ్చి, సీటు బాగా కిందికుంది సార్, కాస్త ఎత్తితే మోకాలికి సుఖంగా ఉంటుంది అన్నాడు.

"నీ పని సైకిళ్ళు పోకుండా చూడటం. నా మోకాలు ఎక్కడికీ పోదులే."

ముసలాయన తలూపి, వెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు.

సీటు కిందికి ఉండటానికి కారణం ఉంది. ఆగినప్పుడల్లా రెండు పాదాలూ నేలకు ఆనకపోతే హెడ్ గుమాస్తాకు గుండె జారుతుంది. అలాంటి సంగతులు కాపలావాడితో చెప్పుకుంటారా?

వదినగారు పంపిన తైలం మొదలుపెట్టాడు. ఆ వాసనకు ఆయన బల్ల దగ్గరికి ఫైళ్ళు రావడం తగ్గింది. తర్వాత నొప్పీ తగ్గింది. మూడు వారాలు తిరిగేసరికి తనకొక మోకాలుందన్న సంగతే మరిచిపోయాడు. అంతా తైలం మహిమేనని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. ఇద్దరు గుమాస్తాలు కూడా తెప్పించుకున్నారు. వాళ్ళలో ఒకాయనకు నొప్పే లేదు, ముందుజాగ్రత్త.

సరిగ్గా అప్పుడే ఈ పడటం.

ఇంటికొచ్చి చూస్తే సీటు నాలుగు వేళ్ళు పైకుంది. కుడి పెడల్ మీద పాత టైరు ముక్కొకటి ఎవరో ముచ్చటగా తీగ చుట్టి బిగించారు.

మర్నాడు స్టాండులో స్తంభం వెనక నక్కాడు. కాసేపటికి ముసలాయన పానా పట్టుకొచ్చి, ఆయన సీటు బోల్టు వదులు చేశాడు.

"ఏం చేస్తున్నావక్కడ?"

ముసలాయన కంగారుపడలేదు. "రోజుకు కాస్తంత ఎత్తుతున్నా సార్. ఒక్కసారే ఎత్తితే మీరు ఒప్పుకోరు కదా."

"నిన్నెవరు అడిగారు?"

ముసలాయన నిజంగానే ఆలోచించాడు.

"మీ మోకాలే సార్."

ఫిర్యాదులు రాయడంలో హెడ్ గుమాస్తాది అందెవేసిన చేయి. ఉద్యోగుల ప్రాణాలకే ముప్పు అని మొదలుపెట్టి మూడు పేజీలు రాశాడు. టైరు ముక్క ఊడదీసి సాక్ష్యంగా జతపరిచాడు. వారంలోగా అదే స్టూలు మీద వేరే మనిషి కూర్చున్నాడు.

సీటు కిందికి దిగింది. వెళ్ళిన నొప్పి చుట్టాలను వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

మోకాలు నాలుగు సీసాల తైలం తాగింది గానీ కనికరించలేదు. గడువు చూస్తే ఇంకా నలభై రోజులుంది. బావగారి కోసం మంచి కత్తెర చూసిపెట్టానని బావమరిది కబురు చేశాడు.

ఇక లాభం లేదని భార్యే ఆయన్ని పేరున్న ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు ఆయన్ని అటూ ఇటూ నడిపించి, పడుకోబెట్టి, రెండు కాళ్ళూ టేపుతో కొలిచాడు.

"మీ కుడికాలు అర అంగుళం పొట్టి. తెలుసా?"

నలభై తొమ్మిదేళ్ళుగా ఆయనకు తెలీదు. భార్యకు తెలుసు. ఎప్పుడూ కుడికాలి ప్యాంటు అంచే నేలకు రాసుకుని చిరుగుతుందని, దాన్ని మడిచి కుట్టేది తనేనని డాక్టరుకు చెప్పింది.

"నాతో ఒక్కసారైనా అనొచ్చుగా?"

"మీరు నన్నెప్పుడైనా ఏమైనా అడిగారా?"

మందులేమీ అక్కర్లేదన్నాడు డాక్టరు. సీటు పైకుండాలి, కుడి పెడల్ మీద దళసరి ముక్కేదైనా వేయాలి. ఎంత ఎత్తు, ఎంత దళసరి అన్నది మాత్రం తన చదువులో లేదట.

హెడ్ గుమాస్తా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ కొలత తెలిసినవాళ్ళు ఎవరూ లేరా అని అడిగాడు.

"ఉన్నారు, ఒక్కరే. సైకిలు పందేల వాళ్ళకు ముప్పై ఏళ్ళు సైకిళ్ళు అమర్చిపెట్టారు. టేపు కూడా అక్కర్లేదు, మనిషి నాలుగడుగులు వేస్తే చూసి చెప్పేస్తారు."

"ఎక్కడుంటారో చెప్పండి డాక్టరుగారూ. ఇప్పుడే వెళ్తాను."

డాక్టరు కలానికి మూత పెట్టాడు.

"మా ఇంట్లోనే ఉంటారు గానీ వెళ్ళినా ప్రయోజనం లేదు సార్, ఖాళీగా కూర్చోలేక ఏదో ఆఫీసు సైకిల్ స్టాండులో కాపలాకు కుదిరితే ఎవరో పెద్దమనిషి మూడు పేజీల ఫిర్యాదు రాసి తీసేయించాడట, ఆ రోజు నుంచి మా నాన్న పానా ముట్టుకోవడం లేదు."