చెవుల మీది జుట్టు

“జుట్టు కాస్త పైకెత్తమ్మా, చెవులు చూడాలి,” అంది డాక్టరు.

తల్లి పిల్లాడి జుట్టు పైకెత్తబోయి ఆగింది. ఆ చెవులు ఎవరి కంటా పడకూడదనే కదా, సెలూన్ నడిపే తన తండ్రితో చెప్పి పిల్లాడి జుట్టు అలా వేలాడేలా ఉంచింది! అయిదేళ్లొచ్చినా రెండు మాటలు కలిపి పలకని పిల్లాడు డాక్టరు కళ్లలోకి చూడకుండా అరచేతులు ఆడిస్తున్నాడు.

డాక్టరు వాడి వేళ్లు పట్టుకుని వెనక్కి వంచింది. మైనంలా వంగిపోయాయి.

“పొడుగు మొహం, పెద్ద చెవులు, ఇలా వంగే వేళ్లు... ఇది వంశంలో వచ్చే జబ్బేమోనని అనుమానం. మీ ఇళ్లల్లో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“మా ఇంటా వంటా లేదండీ!” కుర్చీలోంచి లేచాడు తాత. “అదంతా మా అల్లుడి వైపుదే. నాకున్న తెలివిలో పావు వంతు వచ్చినా వీడు ఈపాటికి చదువులు వెలగబెట్టేవాడు.”

“నాన్నా, నువ్వూరుకో,” అంది తల్లి. ఇంటికెళ్తే అత్తగారు కూడా ఇదే పాట పాడుతుంది, పేరు మాత్రం కోడలిది పెట్టి.

“చెవి వెనక ఈ గాటేంటి?”

“కత్తెర తగిలిందండీ. ఈ మధ్య నాన్నకి...”

“వాడే కదిలాడు!” అడగకుండానే భుజాలు తడుముకున్నాడు తాత. మనవడి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. చేతితో పాటు జుట్టూ వణికింది.

డాక్టరు పిల్లాణ్ణి వదిలేసి ఆ చేతినే చూస్తోంది.

“ఎన్నాళ్ల నుంచి, పెద్దాయనా?”

“ఏడాదైందేమో. వయసు కదమ్మా. కత్తి నిలవడం లేదని గడ్డాలు గీయడం మానేశాను.”

“నడుస్తుంటే తూలుతున్నారా?”

తాత కుర్చీ పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. “గోడ పట్టుకునే నడుస్తున్నాడండీ,” అంది తల్లి.

“నేననుకుంటున్న జబ్బు ఒక్కోసారి తాత నుంచి కూతురికి, కూతురి నుంచి మనవడికి వస్తుంది,” మెల్లగా అంది డాక్టరు. “కూతురికి పైకేమీ తెలియకపోవచ్చు. తాతకి మాత్రం ముసలితనంలో చేతులు వణకొచ్చు, నడక తూలొచ్చు.”

“అయితే... పిల్లాడికి రక్తపరీక్ష చేయించాలా అండీ?” అడిగింది తల్లి.

“ముగ్గురికీ. ముందు మీ నాన్నగారి చొక్కా చెయ్యి పైకి మడవమ్మా.”